36 అంగుళాల ప్లాటర్‌లో పెద్ద లేఅవుట్ ఫైలు నాలుగున్నర అడుగుల దగ్గర తెగిపోతంది, ఎక్కడ చూడాలో చెప్పండి

అరండల్‌పేట_ప్రింట్స్

అందరికీ నమస్కారం. మాది గుంటూరు అరండల్‌పేటలో జిరాక్సు, ప్లాటర్ (పెద్ద షీట్ల ప్రింటర్) ప్రింట్ల షాపు. నాన్న అమోనియా ప్రింట్లు (పాతకాలం డ్రాయింగ్ నకళ్లు) తీసే రోజుల నుంచీ ఉంది. ప్లాటర్ పని ఇప్పుడు నేను చూసుకుంటన్నా.

సంగతి ఇది. అమరావతి రోడ్డు వైపు వేస్తన్న ఒక వెంచర్ లేఅవుట్ వచ్చింది. షీటు వెడల్పు 36 అంగుళాలు, పొడుగు 60. స్కేలు 1:500. అడుగున డ్రోన్ ఫొటో, దాని మీద రోడ్లు, ప్లాట్లు, పార్కు స్థలం, ప్లాటు నంబర్లు. పీడీఎఫ్ సైజు 180 ఎంబీనే. డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైలు), దాంతోపాటు డ్రోన్ టిఫ్ (ఫొటో ఫైలు) కూడా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. టిఫ్ ఒక్కటే 3 జీబీకి దగ్గరగా ఉంది.

పీడీఎఫ్ నుంచి ప్రింట్ ఇస్తే మొదట్లో చక్కగా వస్తంది. నార్త్ బాణం, ఫొటో, ప్లాట్లు, నంబర్లు, అన్నీ స్పష్టంగా. తర్వాత ఒకచోట స్కేలు పెట్టి కోసినట్టు బొమ్మ ఆగిపోయి, మిగతా కాగితం తెల్లగా బయటికొచ్చి కట్ అవుతంది. టైటిల్ బ్లాకు, ఏరియా స్టేట్‌మెంటు ఉండేది ఆ కింది ముక్కలోనే. అవి లేకుండా ఆ షీటు ఎందుకూ పనికిరాదు.

పోనీ ఆటోక్యాడ్ నుంచి నేరుగా ఇద్దామంటే ఇంకో బాధ. ప్రింట్ క్యూలో జాబు సైజు పెరుగుతా పెరుగుతా 2 జీబీ దాటాక జాబే మాయమైపోతంది. ప్లాటర్ దాకా ఏమీ రాదు. స్క్రీన్ మీద ఎర్రరు కూడా చూపించట్లేదు.

సిస్టమ్ విండోస్ 10, ర్యామ్ 8 జీబీ, సీ డ్రైవ్‌లో 5 జీబీ ఖాళీ. ప్లాటర్‌కి ల్యాన్ కేబుల్, వైఫై కాదు. రెండిటికీ యూపీఎస్ ఉంది, కాబట్టి కరెంటు వల్ల కాదు. ఏ1, ఏ0 షీట్లు రోజూ తీస్తన్నాం, ఒక్కటీ ఇట్టా తెగలా.

సర్వీసుకి ఫోన్ చేస్తే "మెషిన్‌లో మెమరీ చాలట్లేదు, బోర్డు మార్చాలి" అన్నారు. వాళ్లు చెప్పిన రేటు మాలాంటి షాపుకి చిన్న మాట కాదు. అంత పెట్టే ముందు పని తెలిసినవాళ్లని ఒక మాట అడుగుదామని ఇక్కడ రాస్తన్నా. ఈ షీటు సైటు ఆఫీసులో గోడకి అంటిస్తారు. కొన్నవాళ్లు వచ్చి వేలు పెట్టి మా ప్లాటు ఇదీ అని చూసుకునేది దాని మీదే. అతుకులేసి రెండు ముక్కలుగా ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

మంగళగిరి_గ్రాఫిక్స్

ర్యామ్ 8 అంటే ఈ ఫైళ్లకి తక్కువండీ. 16 వేయించండి, మా దగ్గర అట్టాగే సెట్ అయింది.

గవర్నర్‌పేట_ప్లాటర్

అమ్మా, బోర్డు జోలికీ ర్యామ్ జోలికీ ఇప్పుడే పోవద్దు. నేను విజయవాడ గవర్నర్‌పేటలో పెన్ ప్లాటర్ల కాలం నుంచి ఈ పని మీదే ఉన్నాను. ముందు ఒక్క సంగతి చూసి చెప్పు. తెగిన షీట్లు పారేశావా, ఉన్నాయా? ఉంటే బొమ్మ మొదలైన చోట నుంచి తెగిన చోటు దాకా టేపు పెట్టి కొలువు. ఒక్కదాన్ని కాదు, ఉన్నవన్నీ. అన్నీ ఒకే కొలతా, లేక తలా ఒక కొలతా? డ్రైవర్‌లో (సిస్టమ్ నుంచి ప్లాటర్‌ని నడిపే ప్రోగ్రాము) క్వాలిటీ ఏం పెట్టి ఇచ్చావో కూడా రాయి.

అరండల్‌పేట_ప్రింట్స్

ఉన్నాయి బాబాయ్ గారూ. వెనకవైపు రఫ్ ప్రింట్లకి పనికొస్తాయని చుట్టి పెట్టా. ఇప్పుడే పరిచి కొలిచా. అన్నీ ఒకటే! 54న్నర అంగుళాల మీద ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు). ఏ షీటూ అర నూలు కూడా తేడా లేదు. క్వాలిటీ "బెస్ట్" పెట్టి ఇచ్చా, అందులో 600 డీపీఐ అని ఉంది.

గవర్నర్‌పేట_ప్లాటర్

నూలుతో సహా చెప్పావు, ఇంక అనుమానమే లేదు.

నెట్‌వర్క్ తెగినా, మెమరీ నిండినా ఆగే చోటు మామూలుగా ఒకటే ఉండదు. ఒకసారి 40 అంగుళాల దగ్గర, ఇంకోసారి 57 దగ్గర ఆగిద్ది. ప్రతిసారీ నూలు తేడా లేకుండా ఒకేచోట తెగుతోందంటే అది అంకెల హద్దు. ప్లస్సు మైనస్సు గుర్తు పెట్టుకుని 16 బిట్లలో రాయగలిగే పెద్ద అంకె 32767. కొన్ని పాత ప్రోగ్రాములు, పాత డ్రైవర్లు కాగితం మీద ఒక చుక్క ఎక్కడ పడాలో ఈ లెక్కలోనే రాస్తాయి. అది దాటిన చుక్కకి వాటి దగ్గర అంకె లేదు, కాబట్టి ఆ చుక్క పడదు. 600 డీపీఐ అంటే అంగుళానికి 600 చుక్కలు. 32767ని 600తో భాగించి చూడు. 54.61 అంగుళాలు. నీ టేపు చెప్పిందీ అదే.

ఏ0 షీటు పొడుగు 1189 మిల్లీమీటర్లు, అంటే 46.8 అంగుళాలు. హద్దుకి లోపలే ఉంది కాబట్టి మీ రోజువారీ పనిలో ఈ సంగతి బయటపడలేదు. 60 అంగుళాల షీటు వచ్చేసరికి బయటపడింది. మెషిన్‌లో లోపం లేదమ్మా. కొత్త బోర్డు వేసినా అదే 54న్నర మీద నూలు దగ్గరే తెగేది.

చెయ్యాల్సింది రిజల్యూషన్ 300కి దించడం. అప్పుడు హద్దు 109 అంగుళాలకి జరిగిద్ది. హెచ్‌పీ డిజైన్‌జెట్ డ్రైవర్లయితే చాలావాటిలో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, డాక్యుమెంట్ ఆప్షన్స్, ప్రింటర్ ఫీచర్స్ లోపల "మ్యాక్స్ అప్లికేషన్ రిజల్యూషన్" అని ఉంటది, దాన్ని 300 చెయ్యాలి. పక్కనే "16 బిట్ యాప్ కంపాటిబిలిటీ", "సెండ్ జాబ్ యాజ్ బిట్‌మ్యాప్" అని ఇంకో రెండు ఉంటాయి. గీతలో అక్షరాలో రాలిపోతుంటే అవి ఎనేబుల్ చేసి చూడాలి. వేరే కంపెనీదైతే పేర్లు మారతాయి గానీ వెతికేది అదే. డ్రైవర్‌లో అసలు అట్టాంటిదే లేకపోతే అడోబ్ రీడర్ ప్రింట్ డబ్బాలో అడ్వాన్స్‌డ్ నొక్కి "ప్రింట్ యాజ్ ఇమేజ్" టిక్ పెట్టి 300 ఎంచుకో.

300 అనగానే నాణ్యత పోతుందని భయపడకు. అది ప్రోగ్రాము డ్రైవర్‌కి ఇచ్చే చుక్కల లెక్క. ఇంకు చుక్కలు ప్లాటర్ తన పద్ధతిలో తను వేసుకుంటది. 1:500లో 30 అడుగులు, 60 అడుగుల ప్లాటు, అంటే 200 గజాలది, కాగితం మీద 18.3 మిల్లీమీటర్లకి 36.6 మిల్లీమీటర్ల గడి. అందులో నంబరు చదువుకోవడానికి 300 నిక్షేపంగా సరిపోద్ది. 0.18 మందం గీతకి కూడా రెండు చుక్కలు పడతాయి.

ఇక ఆటోక్యాడ్ నుంచి ఇచ్చినప్పుడు జాబు మాయమవడం. అది వేరే జబ్బు, ఈ రెండింటినీ కలిపి చూడబట్టే ఎవరికీ అంతుపట్టట్లా. పీడీఎఫ్ 180 ఎంబీ అంటే కుదించి పెట్టిన సైజు. టిక్కీ బస్తాలో తొక్కిన మిర్చిని కల్లంలో పోస్తే ఎంత మేర పరుచుకుంటదో నువ్వు గుంటూరు పిల్లవి, నీకు చెప్పక్కర్లేదు. 36 అంగుళాలంటే 21600 చుక్కలు, 60 అంటే 36000. గుణిస్తే 77 కోట్ల 76 లక్షలు. ఒక్కో చుక్కకి రంగుల లెక్క 3 బైట్లు. మొత్తం 2.33 జీబీ, ఒక్క షీటుకి. క్యూలో 2 దాటాక పోతందని నువ్వు చూసింది ఈ పరుపే. 300కి దించితే ఇదే షీటు 583 ఎంబీ, సరిగ్గా నాలుగో వంతు.

ఆ 2.33 జీబీ రాసుకునేది సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్‌లో. ఆటోక్యాడ్ తన టెంపరరీ ఫైళ్లు కూడా అదే డ్రైవ్‌లో పెట్టుకుంటది. నీకున్నది 5 జీబీ. అందులో ఎప్పటివో ఆగిపోయిన జాబులు కూడా కూర్చుని ఉండొచ్చు. సర్వీసెస్‌లోకి పోయి "ప్రింట్ స్పూలర్" ఆపి, ఆ ఫోల్డర్‌లో మిగిలిన ఎస్‌పీఎల్, ఎస్‌హెచ్‌డీ ఫైళ్లు తీసేసి, మళ్లీ స్టార్ట్ చెయ్యి. ఫోల్డర్‌ని ఉంచి లోపలివి మాత్రమే తియ్యి. తర్వాత స్పూల్‌ని పెద్ద ఖాళీ ఉన్న డ్రైవ్‌కి మార్చు. డివైసెస్ అండ్ ప్రింటర్స్‌లో ఏదో ఒక ప్రింటర్ మీద నొక్కితే పైన "ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్" కనపడిద్ది, అందులో అడ్వాన్స్‌డ్‌లో దారి మార్చొచ్చు. ఆ డ్రైవ్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయి ఉండాలి. ఫ్యాట్32 అయితే ఒక్క ఫైలు 4 జీబీ దాటి రాయలేదు.

మంగళగిరి తమ్ముడూ, ర్యామ్ పెంచడం మంచిదే, కాదన్ను. కానీ 16 కాదు 64 వేసినా 32767 అనే అంకె మారదు.

ఇంకో మాట. 36 అంగుళాల రోలు 45.7 మీటర్లదైతే ఇట్టాంటి షీట్లు 30 వస్తాయి, కోత వదిలేస్తే. ప్రయోగాలన్నీ రోలు మీద చెయ్యకు. ప్రింట్ డబ్బాలో "ప్రింట్ టు ఫైల్" టిక్ పెట్టి ఇస్తే కాగితం కదలకుండా ఫైలు మాత్రం తయారయిద్ది. అది పూర్తిగా తయారైందా, సైజు ఎంత వచ్చింది అని అక్కడే చూసుకోవచ్చు. అట్టా కుదిరాక ఒక్కసారి కాగితం మీద వెయ్యి.

తెనాలి_సర్వేయర్

సిస్టర్, పైన చెప్పినవన్నీ షాపు వైపు. మా వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ బరువు షాపుకి పంపేది మేమే.

ఆ టిఫ్ 3 జీబీ అంటే డ్రోన్ ఫొటో 3 సెంటీమీటర్ల పిక్సెల్‌తో ఉందనుకుంటున్నాను. 1:500లో కాగితం మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద అర మీటరు. 3 సెంటీమీటర్లు అంటే కాగితం మీద 0.06 మిల్లీమీటరు, అంటే 423 డీపీఐ ఫొటో. అడుగున లేతగా కనపడాల్సిన పొలం గట్లకీ చెట్లకీ అంత అక్కర్లేదు. 10 సెంటీమీటర్లకి మార్చితే 127 డీపీఐ వస్తుంది, అడుగు బొమ్మకి అది చాలు. పైన గీతలూ అంకెలూ వెక్టార్‌లోనే (చుక్కలుగా కాకుండా గీతల లెక్కగా) ఉంటాయి కాబట్టి వాటి పదును తగ్గదు. మీ షీటులో పట్టే నేల 457 మీటర్లకి 762 మీటర్లు. 3 సెంటీమీటర్లతో అది విప్పాక 1.16 జీబీ, 10 సెంటీమీటర్లతో 104 ఎంబీ. మిగతా టిఫ్ అంతా షీటు బయట నేల. దాన్ని ఎందుకు మోయాలి?

ఫైలు ఇచ్చిన సర్వేయర్‌ని అడగండి, క్యూజీఐఎస్ (మ్యాపుల సాఫ్ట్‌వేర్)లో షీటు హద్దు వరకే కోసి, రిజల్యూషన్ 0.1 పెట్టి ఎక్స్‌పోర్ట్ చేసి ఇమ్మనండి. ఐదు నిమిషాల పని. ఆటోక్యాడ్‌లో ఇమేజ్ క్లిప్ చేసి "తగ్గించాం" అంటే ఒప్పుకోవద్దు. క్లిప్ చేస్తే అవతలి భాగం కనపడదు గానీ వెనకాల ఫైలు అంతే ఉంటుంది. టీఎఫ్‌డబ్ల్యూ ఫైలు కూడా టిఫ్ పక్కనే పెట్టమనండి, లేకపోతే ఫొటో ఎక్కడ కూర్చోవాలో ఆధారం పోతుంది.

రెండోది, రోడ్లకీ పార్కుకీ ట్రాన్స్‌పరెన్సీ ఉన్న సాలిడ్ హ్యాచ్ (నిండు రంగు పూత) వేశారేమో చూడండి. లేఅవుట్లలో ఇది మామూలే, కింద ఫొటో కనపడాలని వేస్తారు. ఆటోక్యాడ్ ప్లాట్ (ప్రింట్) డబ్బాలో "ప్లాట్ ట్రాన్స్‌పరెన్సీ" టిక్ ఉంటే ఆటోక్యాడ్ గీతలతో సహా డ్రాయింగ్ మొత్తాన్ని రాస్టర్ చేసి పంపుతుంది. గీతలుగా పోవాల్సినవి కూడా చుక్కలైపోతాయి. మీ 2 జీబీకి ఇది పెద్ద కారణమై ఉంటుంది. టిక్ తీసేసి, సాలిడ్ బదులు పలచటి గీతల హ్యాచ్ వేస్తే ఫొటో కనపడుతుంది, బరువూ తగ్గుతుంది. టిక్ తీసినా మళ్లీ వస్తుంటే ప్లాట్‌ట్రాన్స్‌పరెన్సీఓవర్‌రైడ్ అనే వేరియబుల్ 0 చేయమనండి.

మా వాళ్లలో చాలామంది ఫైలు పంపేసి "ప్రింట్ షాపులో తేల్చుకుంటారులే" అనుకుంటారు. అది సరికాదు. ప్రింటు సరిగా రావాలంటే డ్రాయింగ్ దగ్గరే మొదలుపెట్టాలి.

అరండల్‌పేట_ప్రింట్స్

బాబాయ్ గారూ, అన్నా, షీటు పూర్తిగా వచ్చింది! టైటిల్ బ్లాకు, ఏరియా స్టేట్‌మెంటు, సంతకాల గడులు, అన్నీ ఉన్నాయి. ముందు పీడీఎఫ్‌నే 300 పెట్టి ఫైల్‌కి ప్రింట్ ఇచ్చి చూసి, తర్వాత కాగితం మీద వేశా. 54న్నర దగ్గర ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డా, ఆగకుండా వెళ్లిపోయింది. నంబర్లు అద్దంలా ఉన్నాయి, "బెస్ట్"లో వచ్చిన ముక్క పక్కన పెట్టి చూసినా తేడా పట్టుకోలేకపోయా.

స్పూల్ ఫోల్డర్‌లో పాత జాబులు చాలా ఉన్నాయి, అన్నీ తీసేసి డీ డ్రైవ్‌కి మార్చా. ఆ సర్వేయర్ గారికి ఫోన్ చేస్తే ట్రాన్స్‌పరెన్సీ టిక్ ఉన్నమాట నిజమేనన్నారు. ఫొటో కోసి 10 సెంటీమీటర్లకి మార్చి పంపారు. ఇప్పుడు ఆటోక్యాడ్ నుంచి ఇచ్చినా జాబు నిలబడి ప్లాటర్ దాకా పోతంది.

ఒక్కటి మిగిలింది. పొడుగు వైపు రోడ్డు మీద 100 మీటర్లని గుర్తు పెట్టి ఉంది. 1:500లో 200 మిల్లీమీటర్లు ఉండాలి కదా, స్టీలు స్కేలు పెడితే 199 వస్తంది. ఇచ్చెయ్యొచ్చా?

గవర్నర్‌పేట_ప్లాటర్

ఇవ్వొద్దు. 200కి 1 తక్కువంటే వందకి అర. 60 అంగుళాల మీద ఏడున్నర మిల్లీమీటర్లు పోయినట్టే. ఎవరైనా ఆ షీటు మీద స్కేలు పెట్టి ప్లాటు కొలిస్తే తప్పు వచ్చిద్ది.

అడ్డంగా కూడా ఒక తెలిసిన కొలత తీసుకుని చూడు. అడ్డం, పొడుగు రెండూ ఒకే మేర తగ్గితే ప్రింట్ డబ్బాలో "ఫిట్" ఉండిపోయింది. దాన్ని "యాక్చువల్ సైజ్" చెయ్యి. అడ్డం సరిగ్గా ఉండి పొడుగు మాత్రమే తగ్గితే కాగితం జరగడంలో తేడా. ప్లాటర్ మెనూలో పేపర్ అడ్వాన్స్ క్యాలిబ్రేషన్ ఉంటది, ఇప్పుడు ఎక్కించి ఉన్న రోలుతోనే చెయ్యి. రోలు బ్రాండు మారినప్పుడల్లా చెయ్యాల్సిందే. మన వైపు గాలిలో తేమకి బాండ్ పేపరు సాగిద్ది కూడా. రోలు విప్పి బయట పెట్టకుండా కవర్‌లో ఉంచు.

అరండల్‌పేట_ప్రింట్స్

అడ్డం 150 ఉండాల్సింది 150 నికరంగా ఉంది. పొడుగే తగ్గింది. పోయిన వారం రోలు వేరే కంపెనీది ఎక్కించాం, అప్పటి నుంచి క్యాలిబ్రేషన్ చెయ్యలా. ఇప్పుడే పెట్టా.

అరండల్‌పేట_ప్రింట్స్

200 వచ్చింది. షీటు ఇచ్చేశా. బోర్డు వద్దని సర్వీసుకి చెప్పా, 54న్నర అంగుళాల లెక్క కూడా చెప్పా. ఇంకో షాపు వాళ్లు ఇదే అడిగితే ముందు టేపు పెట్టి కొలిపించమన్నా.